నీటి విషం తేల్చే నాచు

తొలకరి పడగానే తాండూరు లారీ షెడ్ల ముందు గుంటల్లో రంగురంగుల పొర తేలుతుంది. డీజిలు, మార్చి పారబోసిన ఇంజనాయిలు. నాపరాళ్లు, సిమెంటు మీద బతికే ఊరికి లారీలు తప్పవు. వాన జోరందుకుంటే ఆ నీళ్లు పల్లం పట్టి కాగ్నా నది దారి చూసుకుంటాయి. రసాయన పరీక్ష ఆ నీటిలో ఏముందో చెబుతుంది. అందులో బతికే ప్రాణికి ఏమవుతుందో చెప్పాలంటే మరో ప్రాణే కావాలి.

1890లో డచ్చి శాస్త్రవేత్త బైజెరింక్ క్లోరెల్లా అనే ఏకకణ నాచును మరేదీ కలవకుండా విడిగా పెంచాడు. నాచుతో నీటి విషాన్ని తేల్చే పరీక్షకు పునాది అదే. కథానాయిక మాత్రం నార్వేది. 1959లో అక్కడి నిటెల్వా నది నుంచి ఒలావ్ స్కుల్‌బర్గ్ నెలవంక ఆకారపు నాచును వేరుచేశాడు. పేర్లు మార్చి మార్చి ఇప్పుడు దాన్ని రాఫిడోసెలిస్ సబ్‌కాపిటేటా అంటున్నారు.

తమాషా ఏమిటంటే, 1971లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దీనితో సీసా పరీక్షను ఖరారు చేసింది విషం కోసం కాదు. ఫాస్ఫేట్లు చేరిన చెరువుల్లో నాచు ఎంత బలుస్తుందో చూడటానికి. ఎదుగుదలను కొలిచే పద్ధతి ఎదుగుదల ఆగడాన్ని కొలవడానికీ పనికొచ్చింది. 1981లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) దాన్ని 201వ మార్గదర్శకంగా తెచ్చింది. వెలుతురులో 72 గంటలు ఉంచి కణాలు లెక్కిస్తారు. విషం కలపని సీసాలో నాచు కనీసం 16 రెట్లు పెరగకపోతే పరీక్షే చెల్లదు.

డీజిలు, ఇంజనాయిలులోని హైడ్రోకార్బన్లతోనే అసలు చిక్కు. బెంజీన్ లాంటివి సీసాలోంచి గాలిలోకి లేచిపోతాయి. బిగించి మూత పెడితే నాచుకు కార్బన్ డయాక్సైడు కరువవుతుంది, అందుకని బైకార్బొనేటు కలపాలి. ఆంత్రసీన్ అనే మరో హైడ్రోకార్బన్ ఎండ తగిలితే మరింత విషమవుతుంది. ప్రయోగశాల దీపం కింద మంచిగా కనిపించింది మన ఎండలో అలాగే ఉంటుందని నమ్మలేం.

ఇందులో మనవాళ్ల పాలు తక్కువేం కాదు. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో పుట్టే మూసీలోని నాచులను, హైదరాబాద్ దగ్గర కాలుష్యం దృష్టితో పరిశీలించి ఉస్మానియాకు చెందిన వి. వెంకటేశ్వర్లు 1969లో ‘హైడ్రోబయోలోజియా’ పత్రికలో ప్రచురించారు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో కడియాల వెంకటేశ్వర్లు (పేరు కలిసింది, మనిషి వేరు), మల్లవరపు మేఘరాజ్ 1980లలో పురుగుమందులను నాచుల మీద పరీక్షించారు. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లిన మేఘరాజ్ బృందం, పెట్రోలియంతో ఏళ్ల తరబడి పాడైన నేలలో సున్నితమైన నాచు జాతులు మాయమైనట్టు 2000లో చూపింది.

మన పర్యావరణ నిబంధనల సాధారణ ప్రమాణాలు అడిగేది చేపల పరీక్ష: వ్యర్థజలంలో 96 గంటలకు నూటికి 90 చేపలు బతకాలి. నాచు ఊసు లేదు. చేప బతికి, దాని తిండికి మూలమైన నాచు చచ్చిపోతే ఆ నీరు బాగున్నట్టేనా? మూసీ నీటిని పట్నం దాటాక కొలవడం సరే, ముందు అనంతగిరి దగ్గరా, తాండూరు దిగువన కాగ్నాలోనూ నాచు పరీక్ష చేయించి కాలుష్య నియంత్రణ మండలి ఆ లెక్కలు జనం ముందు పెట్టాలి.