ఇద్దరు అచ్చమాంబలు, ఒక శారద

తెలుగు చదువుకున్నవాళ్ళకి కూడా ఇద్దరు అచ్చమాంబలున్నారన్న సంగతి చప్పున గుర్తు రాదు. ఒకరు భండారు అచ్చమాంబ. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసినావిడ. లేమిలో ఉన్న మొగుడు యజమాని డబ్బు ఇంటికి పట్టుకొస్తే, పండగ పూటయినా సరే తిరిగి ఇచ్చి రమ్మన్న ఇల్లాలి కథ అది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ కూడా ఆవిడదే. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని పట్టుకున్న చదువుతో ఇంత రాశారు. 1905లో, ముప్పై దాటీ దాటకుండానే పోయారు.

ఆ తమ్ముడు ఎవరో కాదు, విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు గారు. మరుసటేడు, 1906లో, గుంటూరులో ఆయనకి కూతురు పుడితే అక్క పేరే పెట్టుకున్నారు. ఆ పిల్లే డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ. ఓల్గా గారి ‘గమనమే గమ్యం’ నవలకి ఆధారం ఈవిడ జీవితం. నవలలో పేరు శారద.

ఓల్గా గారు ఒకప్పటి మన గుంటూరు జిల్లా యడ్లపల్లి ఆడపడుచు. తెనాలి వి.ఎస్.ఆర్. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పారు. మా పెదకాకాని నుంచి తెనాలి ఎంత దూరం గనక! సీతనీ, అహల్యనీ, ఊర్మిళనీ కొత్తగా పలకరించిన ‘విముక్త’ కథలకి 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అందరూ దాని గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఈ నవలే ఎక్కువ నచ్చింది.

చరిత్ర పుస్తకంలో డాక్టరు అచ్చమాంబ గురించి నాలుగు వాక్యాలు దొరుకుతాయి. మద్రాసులో వైద్యం చదివారు, బెజవాడలో ఆస్పత్రి నడిపారు, కమ్యూనిస్టు పార్టీలో పనిచేశారు, 1957లో కాంగ్రెస్ తరఫున విజయవాడ నుంచి పార్లమెంటుకి వెళ్ళారు, 1964లో పోయారు. ‘ప్రసూతి - శిశుపోషణ’ అని పుస్తకం రాశారు. ఈ ఆఖరి ముక్క దగ్గర నేను కాసేపు ఆగాను. మా అత్తయ్య తరం దాకా పురుళ్ళన్నీ ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదే. తల్లో బిడ్డో దక్కకపోతే రాత అనుకుని ఊరుకున్నారు. అలాంటి రోజుల్లో కడుపుతో ఉన్న మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో ఒక ఆడమనిషి తెలుగులో రాసి చేతికివ్వడం చిన్న పని కాదు. పార్లమెంటు సభ్యత్వం కన్నా నాకు అదే పెద్దగా కనిపిస్తుంది.

అయితే నవల మనల్ని ఇబ్బంది పెట్టేది వేరే చోట. శారద ప్రేమించిన మూర్తికి అప్పటికే పెళ్ళయింది. మంచి మనుషులే, ఉద్యమంలో ఉన్నవాళ్ళే, ఇద్దరికీ ఇష్టమే. మరి ఇంట్లో ఉన్న ఆ మొదటావిడ?

ఈ కథ మా అత్తయ్యకి చెబితే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నే అది. శారద చదువు గురించి గానీ, పార్టీ గురించి గానీ అడగలేదు. వాళ్ళ పుట్టింటి వైపు రెండిళ్ళ కాపురం చేసిన ఒకాయన ఉండేవారట. మిరపకాయలు కల్లంలో ఆరబోసే రోజుల్లో రెండిళ్ళ ఆడవాళ్ళూ ఒకే కల్లంలో తాలుకాయలు ఏరేవాళ్ళట, ఒకరితో ఒకరు మాట్లాడకుండా. “ఆయన మంచోడే, ఇద్దరికీ లోటు చెయ్యలేదు. కానీ ఎవరికీ నిద్ర పట్టేది కాదు” అంది అత్తయ్య.

ఇక్కడ కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన మద్రాసు రాష్ట్రంలో హిందువులకి రెండో పెళ్ళి కుదరదని చట్టం వచ్చింది 1949లో. దేశమంతటికీ హిందూ వివాహ చట్టం 1955లో. శారద ప్రేమకథ నడిచే నాటికి మగవాడు రెండో పెళ్ళి చేసుకోవడం తప్పని చట్టం అనలేదు. విడాకులంటే అసలు మాటే లేదు. మొదటి భార్య విడిపోయి తన బతుకు తను బతుకుదామన్నా దారి లేదు. కాబట్టి శారద ముందున్నది చట్టం తేల్చే సంగతి కాదు. ఇంకో ఆడదాని కాపురం మీద నా సుఖం నిలబెట్టుకోవచ్చా అని తనే తేల్చుకోవాలి. అదీ ఆడవాళ్ళ హక్కుల కోసం మాట్లాడే మనిషి.

ఓల్గా గారు శారదని బోనులో నిలబెట్టలేదు, గుళ్ళోనూ కూర్చోబెట్టలేదు. నవల అంతా శారద వెంటే నడుస్తుంది, అది ఆవిడ కథ కదా. నాకు మాత్రం ఆ మొదటావిడ వైపు నుంచి ఇంకో నవల ఉంటే బాగుండుననిపిస్తుంది. అత్తయ్యయితే అదే అసలు కథ అంటోంది.

ఇంకొకటి. అచ్చమాంబ అనే పేరు తీసేసి శారద అని పెట్టడం నాకు నిజాయితీగా తోచింది. నాలుగు గోడల మధ్య ఇద్దరు ఏం మాట్లాడుకున్నారో ఏ రికార్డులోనూ ఉండదు, అది రచయిత్రి ఊహించాల్సిందే. అసలు పేరు ఉంచి ఉంటే ఆ ఊహంతా మనం చరిత్ర అనుకుందుము. అందుకే చదివేటప్పుడు ఈ ఇద్దర్నీ విడివిడిగా పెట్టుకోండి. డాక్టరమ్మ చేసిన పనులు డాక్టరమ్మవి, శారద కన్నీళ్ళు శారదవి.

పుస్తకం ప్రస్తుతం మా అత్తయ్య దగ్గర ఉంది. ఎన్ని పేజీలయ్యాయని అడిగితే, “ఆ మొదటావిడ మళ్ళీ వస్తుందా రాదా, అది చెప్పు ముందు” అంటోంది. నేను చెప్పలేదు.