కుంకుడుకాయా? కీటోకొనజోలా?

ఉద్యోగంలో చేరిన మొదటేడాది సంగతి. ఒకరోజు నల్ల టీషర్టు వేసుకుని ఆఫీసుకెళ్ళాను. పొద్దున స్టాండప్ మీటింగ్ అయ్యాక మా టీమ్‌లో ఒకాయన దగ్గరకొచ్చి, ఏమీ మాట్లాడకుండా నా భుజాలు రెండూ దులిపి, నవ్వి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళు నేను నల్ల చొక్కా కొనలేదు. లేత రంగులే. ఇది చదివేవాళ్ళలో ఇలా లేత రంగుల మీద బతికేవాళ్ళు ఇంకొందరు ఉంటారని నా అనుమానం :)

ఈ సంగతి ఇంట్లో చెప్తే మా అమ్మమ్మ ఫోన్లో ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఆ సీసాల్లో రంగునీళ్ళు పోసుకుంటే చుండ్రు రాక ఏమొస్తదిరా? కుంకుడుకాయలు పంపిస్తా, వాటితో పోసుకో." మన ఇళ్ళల్లో చాలామంది నమ్మే చరిత్ర ఇదే. పూర్వం కుంకుడుకాయలు ఉండేవి, చుండ్రు లేదు. తర్వాత షాంపూ వచ్చింది, దాంతో చుండ్రు వచ్చింది. ఈ చరిత్ర నిజమా కాదా అని నేను కొంచెం లోతుగా చూడాల్సి వచ్చింది. ఎందుకో చివర్లో చెప్తాను.

అమ్మమ్మది భద్రాచలం దాటాక దుమ్ముగూడెం వైపు పల్లె. గోదావరికి అటూ ఇటూ అడవి ఒకటే, ప్రభుత్వాలే వేరు. అటు ఒడ్డు మద్రాసు వాళ్ళది, ఇటు ఒడ్డు నిజాంది. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ ఏడే ఖమ్మంలో కలిసింది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. నా చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్తే, సంతరోజు కోయవాళ్ళు చింతపండు, తేనె, ఇప్పపువ్వు, కుంకుడుకాయలు తెచ్చి అమ్మేవాళ్ళు. వేసవి ముందు కాయలు పండి చెట్టు కింద రాలతాయి, ఏరుకోవడమే. "ఏరుకోవడమే" అని రాయడం తేలిక. ఎండలో కొండెక్కి ఏరి, ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని మైళ్ళు నడిచి రావాలి. అమ్మమ్మ బేరమాడేది. ఆమె ఒక్కతే కాదు, అందరూ ఆడేవాళ్ళు.

ఈ బేరానికి పెద్ద చరిత్రే ఉంది. 1940ల్లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త పాపికొండల చుట్టూ కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో "ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్" అని పుస్తకం వేశాడు. అక్కడి జనం కలప వ్యాపారులకు, వడ్డీ వ్యాపారులకు అప్పుపడి ఎలా వెట్టికి చిక్కుకున్నారో అందులో ఉంది. ఆ దోపిడీని ఆపాలనే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. మనవాళ్ళు జీసీసీ అంటారే, అదే. అడవి సరుకు కొనడం, డీఆర్ డిపోల్లో బియ్యం ఉప్పు అమ్మడం దాని పని. 1979లో వచ్చిన రెగ్యులేషన్‌తో ఏజెన్సీలో చిన్న అటవీ ఫలసాయం కొనే గుత్తహక్కు ఆ సంస్థకే ఇచ్చారు. చింతపండు, తపసి బంకతో పాటు కుంకుడు, శీకాయ కూడా ఆ జాబితాలోవే. ఆ ఫలసాయం మీద హక్కు ఏరుకునేవాళ్ళదే అని చట్టం చెప్పడానికి మాత్రం 2006 దాకా, అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈరోజు సూపర్ మార్కెట్లో "హెర్బల్" అని పచ్చాకు బొమ్మ వేసి అమ్మే సీసాలో కుంకుడు, శీకాయల పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదివితే మొదటి రెండు మూడు పదార్థాలు మామూలు షాంపూలో ఉండే నీళ్ళు, డిటర్జెంటే చాలాసార్లు. కాయ పేరు అడవిది, నురగ ఫ్యాక్టరీది.

అసలు కుంకుడుకాయ ఏం చేస్తుంది? దాని తొక్కలో సపోనిన్లు అనే పదార్థాలుంటాయి. వాటికి ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, ఇంకో కొస నూనెని పట్టుకుంటుంది. అలా జిడ్డు నీళ్ళతో కొట్టుకుపోతుంది. షాంపూలో ఉండే డిటర్జెంటు చేసేదీ సరిగ్గా ఇదే. ఇంకో మంచి గుణం ఏంటంటే బోరు నీళ్ళలో కూడా ఇది పనిచేస్తుంది. ఒంటి సబ్బుతో తల రుద్దుకుంటే ఆ ఉప్పునీళ్ళలోని కాల్షియంతో కలిసి తెల్లటి పొలుసులాగా జుట్టుకి పట్టుకుంటుంది. హాస్టల్లో సగం మంది చుండ్రు అనుకునేది అదే! నేనూ ఇంజినీరింగ్ మొదటేడాది అలాగే అనుకున్నాను. సబ్బు మానేస్తే పోతుంది, దానికి మందు అక్కర్లేదు.

ఇక షాంపూ. పాశ్చాత్యులు మన నెత్తిన రుద్దిన వస్తువు అనుకుంటాం గానీ, ఆ మాట మనదే. హిందీలో "చాంపో" అంటే ఒత్తు, మర్దన చెయ్యి అని. 1759లో పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఐర్లాండు మీదుగా ఇంగ్లండు చేరి, 1810ల్లో బ్రైటన్ ఊళ్ళో ఆవిరి స్నానాలు, మర్దనల ఇల్లు తెరిచాడు. రాజు నాలుగో జార్జికి "షాంపూయింగ్ సర్జన్" అని బిరుదు కూడా సంపాదించాడు. అప్పటికి షాంపూ అంటే ఒళ్ళు పట్టడమే. తల కడుక్కోవడం అనే అర్థం ఆ శతాబ్దం రెండో సగంలో వచ్చింది. మనకీ "తలంటు" అంటే మొదట నూనె అంటడం, కడగడం తర్వాతే కదా. రెండు భాషల్లోనూ మర్దన మాటే స్నానం మాట అయిపోవడం నాకు భలే నచ్చింది.

బెర్లిన్‌లో హాన్స్ ష్వార్జ్‌కోఫ్ 1903లో పొడి షాంపూ అమ్మాడు. 1934లో అమెరికాలో డ్రీన్ అనే పేరుతో సబ్బు లేని డిటర్జెంటు షాంపూ వచ్చింది. మన పల్లెలకి మాత్రం షాంపూ సీసాలో రాలేదు, సాషేలో వచ్చింది. తమిళనాడు కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయన మొదలుపెట్టిన సాషే ఆలోచనని ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో చిక్ షాంపూగా ఊరూరా తిప్పాడు. నా చిన్నప్పటికే దుమ్ముగూడెం వైపు కిరాణా కొట్లలో సాషేల దండలు తోరణాల్లా వేలాడేవి. కుంకుడుకాయలు కొట్టి, గింజ తీసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, పిసికి, వడగట్టి, కళ్ళు మండి ఏడ్చే పిల్లాణ్ణి పట్టుకుని పోసే ఓపిక ఆడవాళ్ళకి ఎందుకుండాలి? ఇంటి చాకిరీలో ఒక అరపూట తగ్గించింది సాషే. దాని మీద నాకు ఏ కోపమూ లేదు.

అయితే చుండ్రు? దీని చరిత్ర నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే అచ్చం మన బగ్ ఫిక్సింగ్ లాగే నడిచింది. 1874లో ఫ్రాన్సులో లూయీ షార్ల్ మలసే అనే ఆయన తల మీది పొట్టుని మైక్రోస్కోపులో చూసి అందులో ఈస్టు లాంటి కణాలున్నాయని రాశాడు. అప్పటికి డిటర్జెంటు షాంపూ పుట్టడానికి ఇంకా అరవై ఏళ్ళుంది. అంటే మా అమ్మమ్మ సిద్ధాంతం అక్కడే పోయింది. ఆ ఫంగస్‌ని ఇప్పుడు ఆయన పేరుతోనే మలసీజియా అంటారు. విచిత్రం ఏంటంటే చుండ్రు లేనివాళ్ళ తల మీద కూడా అది ఉంటుంది. అందుకని 1970ల్లో ఆల్బర్ట్ క్లిగ్మన్ లాంటి పెద్ద అమెరికా డాక్టర్లు, అది అక్కడ ఊరికే ఉంది, జబ్బుకి కారణం అది కాదు, చర్మ కణాలు తొందరగా ఊడటమే అసలు సమస్య అన్నారు. లాగ్‌లో కనపడిన ఎర్రర్‌ని "ఎప్పుడూ వచ్చేదే లే, వదిలెయ్" అన్నట్టు! 1984లో శామ్ షుస్టర్ అనే బ్రిటిష్ వైద్యుడు దాన్ని తిరగేశాడు. చుండ్రు తగ్గించే మందులు చూడటానికి వేటికవే వేరైనా, అన్నిటికీ ఉన్న ఒకే ఒక ఉమ్మడి గుణం ఆ ఫంగస్‌ని చంపడం అని వాదించాడు. మలసే చూసిన 110 ఏళ్ళకి మళ్ళీ మొదటికొచ్చారన్నమాట.

2007లో ఒక మలసీజియా జాతి జన్యుపటం బయటికొచ్చింది (చేసింది షాంపూ కంపెనీ శాస్త్రవేత్తలే, ఆ సంగతి గుర్తు పెట్టుకునే చదవండి). తనకి కావలసిన కొవ్వు తయారు చేసుకునే జన్యువు దానికి లేదు. మన తల జిడ్డు మీదే బతకాలి. ఆ జిడ్డుని విరగ్గొట్టి కొంత తిని, ఓలియిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. కొందరి చర్మానికి ఆ ఆమ్లం పడదు. దురద, ఎరుపు, పొట్టు. పక్కవాడికి ఏమీ కాదు. కాబట్టి చుండ్రు మురికి వల్ల రాదు, నిర్లక్ష్యం వల్లా రాదు. తల పొడిబారింది అనుకుని రాత్రి నూనె దట్టంగా పట్టించి పడుకోవడం మాత్రం దానికి భోజనం పెట్టడమే. నేను ఏడాది పాటు పెట్టాను.

ఇంకో తప్పు కూడా చేశాను. మా హాస్టల్ దగ్గర ఒక మెడికల్ షాపులో అడిగితే చిన్న లోషన్ సీసా ఇచ్చారు. మూడు రోజుల్లో దురద మాయం. మానేస్తే వారంలో రెట్టింపు. మళ్ళీ కొన్నాను. ఇలా నాలుగు నెలలు. చివరికి చర్మ డాక్టరు ఆ సీసా చూసి, ఇందులో ఉన్నది గట్టి స్టెరాయిడ్, చీటీ లేకుండా ఇన్నాళ్ళు ఎవరు వాడమన్నారు అని తిట్టాడు. అది మంటని ఆర్పుతుంది గానీ ఫంగస్‌ని ముట్టుకోదు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందే, మనంతట మనం వాడితే కాదు.

మరి ఏది కొనాలి? బ్రాండు పేరు చూడకండి, సీసా వెనక మందు పేరు, శాతం చూడండి. జింక్ పైరిథియోన్ 1961లో హెడ్ అండ్ షోల్డర్స్‌తో బజారుకొచ్చింది. మామూలు చుండ్రుకి మొదట దీంతో మొదలుపెట్టొచ్చు. యూరోపియన్ యూనియన్ 2022 మార్చి నుంచి సౌందర్య సాధనాల్లో దీన్ని నిషేధించింది, జంతు ప్రయోగాల ఆధారంగా సంతానోత్పత్తికి హాని చేసే వర్గంలో చేర్చినందుకు. మన దగ్గర అమ్ముతూనే ఉన్నారు. కడిగేసుకునే వస్తువు కాబట్టి నేనైతే భయపడి సీసా పారెయ్యలేదు. సెలీనియం సల్ఫైడ్ 1950ల నాటిది, బాగా పనిచేస్తుంది, వాసన మాత్రం భరించాలి, రంగు వేసిన జుట్టుకి అంత మంచిది కాదు. కీటోకొనజోల్ బెల్జియంలో యాన్సెన్ కంపెనీ 1970ల్లో కనిపెట్టిన ఫంగస్ మందు. రెండు శాతం షాంపూ మొండి చుండ్రుకి, ఎర్రగా మంటపుట్టే తలకి. నాకు పనిచేసింది ఇదే. పొట్టు దళసరిగా అట్టకట్టి ఉంటే సాలిసిలిక్ ఆమ్లం, కోల్‌టార్ ఉన్నవి, కానీ పుండ్లు పడిన తలకి ఇవి మండుతాయి.

అందరూ చేసే పొరపాటు, రుద్దిన అర నిమిషంలో కడిగెయ్యడం. మందు పనిచేయాల్సింది జుట్టు మీద కాదు, చర్మం మీద. మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. తర్వాత వారానికో రెండు వారాలకో ఒకసారి. పూర్తిగా మానేస్తే తిరిగొస్తుంది, ఎందుకంటే ఫంగస్ ఎక్కడికీ పోదు. నెల వాడినా తగ్గకపోయినా, మచ్చలు మచ్చలుగా జుట్టు ఊడుతున్నా, చీము పట్టినా, మోచేతుల మీద కూడా వెండిరంగు పొలుసులు ఉన్నా అది వేరే జబ్బు కావచ్చు, డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. చిన్నపిల్లలకి తలలో తామర అయితే షాంపూ ఒక్కదాంతో పోదు, లోపలికి మందు వేసుకోవాలి.

ఇక ఇదంతా లోతుగా ఎందుకు చూశానో. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళాను. అమ్మమ్మ పెరట్లో పీట మీద కూర్చుని, నన్ను తలకి కుంకుడు పులుసు పొయ్యమంది. ఎప్పుడూ మా అమ్మ పోసేది, నేను మొదటిసారి. పాయ తీసి చూస్తే నడినెత్తిన, చెవుల వెనక ఎర్రగా, జిడ్డు పొలుసు, గోళ్ళ గీతలు.

"ఎన్నాళ్ళ నుంచి అమ్మమ్మా ఇది?"

"ఎప్పుడూ ఉండేదేరా. మా అమ్మకీ ఉండేది. అది చుండ్రు కాదు, పొట్టు."

జీవితమంతా సాషే ముట్టని మనిషి. రాత్రుళ్ళు దువ్వెన వెనక కొసతో తల గోక్కోవడం నాకు చిన్నప్పటి నుంచి గుర్తే, పేలు అనుకునేవాణ్ణి. మర్నాడు భద్రాచలం తీసుకెళ్ళి డాక్టరుకి చూపిస్తే సెబోరిక్ డెర్మటైటిస్ అన్నాడు, అంటే చుండ్రుకే పెద్దన్న. నేను వాడే షాంపూనే రాశాడు.

ఇప్పుడు ఆదివారం ఆ సీసా, పండగలకి కుంకుడుకాయ. ఒకదానికొకటి అడ్డం కాదు. ఆమె ఫిర్యాదల్లా ఒకటే, "నెత్తిన నురగ పెట్టుకుని ఐదు నిమిషాలు ఎట్టా కూర్చునేదిరా?" టీవీలో సీరియల్ మధ్య యాడ్స్ వచ్చినంతసేపు అని లెక్క చెప్పాను. పెరట్లోకి టీవీ వినపడేలా సౌండు పెంచి కూర్చుంటోందట.