అమ్రీ నుంచి ఇందూకి: షేర్‌గిల్ ఉత్తరాలను ఎలా చదవాలి?

దిల్లీలో ఇండియా గేట్ దగ్గరి జైపూర్ హౌస్‌లో 1954 నుంచి నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఉంది. అమృతా షేర్‌గిల్ చిత్రాలు దేశంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది అక్కడే. ఆ సేకరణలో 1932 నాటి ‘యంగ్ గర్ల్స్’ ఒకటి. ఇద్దరు అమ్మాయిలు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. ముఖం మీద జుట్టు పడి, ఒంటి మీద బట్ట జారి ఉన్నది పారిస్ స్నేహితురాలు. పొందికగా దుస్తులు వేసుకుని, ధీమాగా కూర్చున్నది అమృత చెల్లెలు ఇందిర. పారిస్ గ్రాండ్ సలోన్‌లో 1933లో బంగారు పతకం తెచ్చిపెట్టిన చిత్రం ఇదే.

ఆ చెల్లెలికి అక్క రాసిన ఉత్తరాలు ఇప్పుడు ఎవరైనా చదవవచ్చు. ఇందిర కుమారుడు, చిత్రకారుడు వివాన్ సుందరం తన పెద్దమ్మ ఉత్తరాలను, వ్యాసాలను సేకరించి, వివరణలు జోడించి, రెండు పెద్ద సంపుటాలుగా కూర్చారు. దిల్లీకి చెందిన తూలికా బుక్స్ 2010లో వాటిని ప్రచురించింది. ముందుమాట సల్మాన్ రష్దీది. అమృత కొన్ని ఉత్తరాలు హంగేరియన్‌లో, కొన్ని ఫ్రెంచిలో, కొన్ని ఇంగ్లిష్‌లో రాసింది. మొదటి రెండు భాషలవి మనకు అనువాదంలోనే దొరుకుతాయి. కాబట్టి ఆమె వాక్యం తీరు గురించి తీర్పులు చెప్పే ముందు కాస్త ఆగడం మంచిది.

అమృత 1913లో, ఇందిర ఆ మరుసటి ఏడు బుడాపెస్ట్‌లో పుట్టారు. ఇంట్లో వాళ్లు అమ్రీ, ఇందూ. తండ్రి ఉమ్రావ్ సింగ్ పంజాబీ జమీందారీ కుటుంబీకుడు, సంస్కృత పండితుడు, ఫోటోల పిచ్చి ఉన్న మనిషి. తల్లి మేరీ ఆంట్వనెట్ హంగేరియన్ గాయని. 1921లో సిమ్లాకు, 1929లో పారిస్‌కు, 1934లో మళ్లీ ఇండియాకు కుటుంబం మారింది. అంతవరకూ అక్కచెల్లెళ్లది ఒకే ఇల్లు. పెళ్లిళ్లు ఇద్దర్నీ విడదీశాయి. ఇందిర భర్త కె.వి.కె. సుందరం ఐసీఎస్ అధికారి, తర్వాతి కాలంలో దేశానికి రెండో ప్రధాన ఎన్నికల కమిషనర్. అమృత 1938లో తన తల్లి తరఫు బంధువు, డాక్టర్ విక్టర్ ఎగాన్‌ను పెళ్లాడి, గోరఖ్‌పూర్ దగ్గర సరాయాలో తమ వాళ్ల ఎస్టేట్‌కి చేరింది.

ఈ ఉత్తరాలను తేదీల వరసలో చదివే కంటే, ఎవరికి రాసిందో చూసుకుంటూ చదివితే ఎక్కువ అందుతుంది. బొంబాయి న్యాయవాది, కళావిమర్శకుడు కార్ల్ ఖండాలావాలాకు రాసినప్పుడు అమృత వాదనకు దిగుతుంది. అజంతా, బసోలీ సూక్ష్మచిత్రాల రంగులు, బెంగాల్ స్కూల్ మీద ఎత్తిపొడుపులు: అంతా నిక్కచ్చిగా, గెలవాలన్న పట్టుదలతో ఉంటుంది. తల్లిదండ్రులకు రాస్తే సంజాయిషీ. కూతురి నడవడి వల్ల పరువు పోతుందని, ఇండియా రావద్దని తండ్రి వెనకాడినప్పుడు 1934లో ఆమె ఇచ్చిన జవాబు ప్రసిద్ధం. యూరప్ కళే తనకు భారతీయ కళను చూడటం నేర్పిందనీ, అజంతాలోని ఒక్క కుడ్యచిత్రం మొత్తం రినైజాన్స్ కంటే విలువైనదనీ ఆ ఉత్తరం సారాంశం.

చెల్లెలి దగ్గర ఈ రెండూ అక్కర్లేదు. సరాయా నుంచి ఇందిరకు రాసిన ఒక ఉత్తరంలో తాను నరాల మీద దెబ్బతిన్నట్టు ఉన్నాననీ, దేనిలోనూ తృప్తి లేదనీ, చివరికి ఏడవడం కూడా చేతకావడం లేదనీ చెప్పుకుంటుంది. సరాయా కాలాన్ని చిత్రాల ద్వారా మాత్రమే తెలుసుకున్నవారికి ఇది ఊహకందదు. 1940లో అక్కడే ‘ఏన్షెంట్ స్టోరీటెల్లర్’, ‘ఊయల’ వంటివి వచ్చాయి. మొఘల్, పహాడీ సూక్ష్మచిత్రాల నుంచి నేర్చుకున్న నిండు రంగులు, తీరికగా కూర్చున్న మనుషులు. ఆ ప్రశాంతత గీసిన మనిషికి దక్కలేదు. అలాగని దిగులే ఆ చిత్రాలకు అర్థమని తేల్చేయడం తొందరపాటు. జీవితచరిత్రతో బొమ్మకు తాళం తీయాలనే సరదా మనవాళ్లకూ తక్కువేం కాదు.

కీర్తి విషయంలోనూ ఉత్తరాలకాలపు అమృత వేరు. 1936-37లో దక్షిణాదికి తిరిగినప్పుడు అజంతా, మట్టంచేరి ఆమె చిత్రరచనను మార్చేశాయి గానీ, బొమ్మలు అమ్ముడుపోవడం గగనమైంది. హైదరాబాద్‌లో నవాబ్ సాలార్‌జంగ్ ఆమె చిత్రాలను తిప్పి పంపారు. మైసూరు మహారాజు ఆమెను కాదని రవివర్మను ఎంచుకున్నారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ఎప్పుడు గంట కొడుతుందా అని ఎదురుచూసే మనలో చాలామందికి ఈ సంగతి తెలియదు. అదే అమృత 1937లో వేసిన ‘ది స్టోరీ టెల్లర్’ 2023 సెప్టెంబరు వేలంలో 61.8 కోట్ల రూపాయలు పలికింది.

చిత్రకారులు తోబుట్టువులకు రాసిన ఉత్తరాలనగానే అందరికీ గుర్తొచ్చేది విన్సెంట్ వాన్‌గో. తమ్ముడు థియోకు అతను రాసినవి ఆరు వందలకు పైగా మిగిలాయి. థియో జవాబులు నలభై దాకానే. థియో దాచాడు, విన్సెంట్ దాచలేదు. వాటిని 1914లో అచ్చు వేయించింది థియో భార్య జో. దాచినవాళ్లను బట్టే మనకు చరిత్ర అందుతుంది.

షేర్‌గిల్ విషయంలో దాచకపోవడం కాదు, తగలబెట్టడమే జరిగింది. 1938లో ఆమె పెళ్లి కోసం హంగేరీలో ఉండగా, సిమ్లాలో వదిలి వెళ్లిన ఉత్తరాలను తల్లిదండ్రులు కాల్చేశారు. నెహ్రూ రాసినవీ వాటిలో ఉన్నాయి. అమృత తండ్రికి వెటకారంగా రాసింది: అవి తన పాపాలకు సాక్ష్యాలని భయపడి కాదు, సామాను బరువెక్కుతుందని వదిలేశాను, ఇక ముసలితనంలో పాత ప్రేమలేఖలు చదువుకునే కాలక్షేపం కూడా లేదన్నమాట, అని. ఆ ముసలితనం రాలేదు. 1941 డిసెంబరు 5న లాహోర్‌లో, ప్రదర్శనకు కొద్ది రోజుల ముందు, 28 ఏళ్లకే చనిపోయింది. కారణం ఇప్పటికీ తేలలేదు.

కనుక రెండు సంపుటాల్లో వినిపించేది దాదాపు ఒక్క గొంతే. తల్లికి రాసిన ఉత్తరాల్లో స్నేహితురాలు మారీ లూయీజ్‌తో సంబంధం గురించిన ఇబ్బందికరమైన మాటలూ ఉన్నాయి. అమృత ఇవి అచ్చుకని రాయలేదు. మన సంజీవదేవ్ లేఖలు సాహిత్యంగా చదువుకున్న అలవాటుతో వీటిని పట్టుకుంటే పొరబాటే. ఇవి తీర్చిదిద్దినవి కావు, మధ్యలో డబ్బు గొడవలూ ఇంటి అలకలూ ఉంటాయి. కుటుంబం పరువు కోసం తాత కాల్చిన చోటే మనవడు దాచకుండా అచ్చు వేయడం చిన్న విషయం కాదు. అయితే ఎడిటర్ చెల్లెలి కొడుకేనన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

వివాన్ 1943లో పుట్టారు, పెద్దమ్మను ఎన్నడూ చూడలేదు. 2001-02లో ‘రీటేక్ ఆఫ్ అమృత’ పేరుతో తాత తీసిన ఫోటోలను కంప్యూటర్‌లో కలిపి, అమృతనూ ఇందిరనూ తల్లిదండ్రులనూ వేర్వేరు ఏళ్ల నుంచి తెచ్చి ఒకే గదిలో కూర్చోబెట్టారు. ఆయన 2023 మార్చిలో దిల్లీలో కన్నుమూశారు.