అన్నయ్య బ్లడ్ గ్రూపు మారింది

మొన్న అన్నయ్య రక్తపరీక్ష రిపోర్టు చూసి అమ్మ ఒకటే కంగారు. "ఇదేంట్రా, వాడిది ఓ పాజిటివ్ కదా, బి పాజిటివ్ అని వేశారు. ఎవరిదో మనకిచ్చేశారు, వెళ్ళి అడుగు" అని. రిపోర్టు సరైనదే. ఇప్పుడు అన్నయ్య ఒంట్లో తయారయ్యేది నా గ్రూపు రక్తం. డాక్టర్లు ముందే చెప్పారు గానీ, కాగితం మీద చూసేదాకా మాకెవరికీ నమ్మబుద్ధి కాలేదు.

పోయినేడాది అన్నయ్యకి లుకేమియా వచ్చింది. కీమోతో తగ్గినా మళ్ళీ వచ్చే రకమనీ, మూలుగ మార్పిడి చెయ్యాలనీ అన్నారు. తోడబుట్టినవాళ్ళది సరిపోయే అవకాశం నాలుగింట ఒకవంతు. మేం ఉన్నది ఇద్దరమే. నాది సరిపోయింది. తెల్లాపూర్‌లో కొత్తగా కొన్న ఫ్లాటుకి గృహప్రవేశం పెట్టుకున్న వారంలోనే నేను పొట్టమీద ఇంజెక్షన్లు చేయించుకోవడం మొదలుపెట్టాను. మూలుగలో ఉండే మూలకణాల్ని రక్తంలోకి తరిమే మందు అది. నడుములో ఎముకలు లోపల్నుంచి పిండినట్టు నొప్పి.

అయిదో రోజు మెషీన్ పక్కన పడుకోబెట్టారు. ఒక చేతిలోంచి రక్తం వెళ్ళి, లోపల గిర్రున తిరిగి, కావలసిన కణాలు సంచీలోకి దిగి, మిగతాది రెండో చేతిలోకి వచ్చేస్తుంది. నాలుగ్గంటలు పట్టింది. చివరికి చూస్తే టమాటా చారు రంగులో చిన్న సంచీ. ఇంతేనా అనిపించింది.

అసలు టెన్షన్ తర్వాత. సాయంత్రం ల్యాబ్ నుంచి లెక్క వచ్చింది. అన్నయ్య బరువులో కిలోకి 50 లక్షల మూలకణాలు ఉంటే బావుంటుందట, 20 లక్షల కన్నా తగ్గకూడదట. నాకు వచ్చింది 31 లక్షలు. "రేపు మళ్ళీ తీద్దాం, రెండూ కలిపి ఎక్కిద్దాం" అన్నారు. అప్పటికే అన్నయ్యకి పెద్ద డోసు కీమో అయిపోయింది, తన మూలుగ మొత్తం చచ్చిపోయింది. మా భాషలో చెప్పాలంటే హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసేశారు, బ్యాకప్ సగమే ఉంది. ఆ రాత్రి ఆ సంచీ ఫ్రిజ్‌లో, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంది. నిద్ర రాక ఫోన్‌లో ఇదంతా ఎవరు కనిపెట్టారా అని చదువుతూ కూర్చున్నాను.

మొదట ఇదంతా జల్లెడతో మొదలైంది. నిజంగా జల్లెడే. అమెరికాలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో డోనల్ థామస్ అనే డాక్టరు, 1957లో ఆరుగురు రోగులకి ఇతరుల మూలుగ నరంలోకి ఎక్కించి ఆ వివరాలు ప్రచురించాడు. తుంటి ఎముకలోంచి సూదులతో లాగిన మూలుగలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కలిపి, కొవ్వు ముక్కలూ ఎముక నలుసులూ పోయేలా సన్నని స్టీలు జల్లెడల్లోంచి వడగట్టేవాళ్ళు. ఆరుగురిలో ఒక్కరు కూడా వందరోజులు దాటి బతకలేదు. 1958లో యుగోస్లావియాలో ఒక రియాక్టర్ ప్రమాదంలో రేడియేషన్ తగిలినవాళ్ళకి పారిస్‌లో జార్జ్ మాతే ఇదే ప్రయత్నం చేశాడు. ఆ తర్వాత చాలాకాలం వరస వైఫల్యాలే. చాలామంది ఈ పని వదిలేశారు. థామస్ మాత్రం కుక్కల మీద ప్రయోగాలు చేస్తూ పట్టుకు వేలాడాడు. 1990లో నోబెల్ ఇచ్చారు. నేనైతే ఆ ఆరుగురి తర్వాత ఉద్యోగం మారిపోయేవాణ్ణి.

మన దేశంలో మొదటిది 1983లో ముంబై టాటా ఆస్పత్రిలో. 1986లో వేలూరు సీఎంసీలో మొదలుపెట్టారు. చిత్తూరు వైపు నుంచి ఎందరో తెలుగువాళ్ళు వెళ్ళే ఆస్పత్రి అది.

ఫ్రిజ్‌లో ఎన్నాళ్ళో ఉంచలేరు, రెండు మూడు రోజులే. ఎక్కువ కాలం కావాలంటే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ ఆవిరిలోనో, ద్రవంలోనో పెట్టాలి. చిన్నప్పుడు బడివాళ్ళు పటాన్‌చెరు ఇక్రిశాట్‌కి తీసుకెళ్తే అక్కడ జొన్న, శనగ, కంది విత్తనాలు మైనస్ 20లో దాస్తారని చెప్పారు. విత్తనాన్ని ముందు ఆరబెట్టొచ్చు. కణాన్ని ఆరబెడితే చస్తుంది, ఆరబెట్టకుండా గడ్డకట్టిస్తే లోపలి నీళ్ళు మంచు సూదులై పొడిచేస్తాయి. 1949లో ఇంగ్లండులో గ్లిజరిన్‌తో వీర్యకణాల్ని కాపాడగలిగారు. 1959లో లవ్‌లాక్, బిషప్ డీఎంఎస్ఓ పనికొస్తుందని చూపించారు. ఇప్పటికీ దాదాపు పది శాతం అదే కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరుస్తారు. వాడేటప్పుడు 37 డిగ్రీల నీళ్ళలో గబగబా కరిగించి ఎక్కిస్తారు. రోగి దగ్గర రోజంతా వెల్లుల్లి వాసనట!

మాకు అదంతా అవసరం పడలేదు. రెండోరోజు తీసినదాంతో కలిపి 58 లక్షలయ్యాయి. గ్రూపులు వేరు కాబట్టి సంచీలో నా ఎర్రకణాలు ఎన్నున్నాయో చూశారు. అన్నయ్య ఒంట్లోని ప్రతిరక్షకాలు వాటిని పగలగొడతాయి కదా. తక్కువే ఉన్నాయని తియ్యకుండా వదిలేశారు. తుంటిలోంచి తీసిన మూలుగైతే తప్పకుండా వేరుచెయ్యాల్సి వచ్చేదట. కణాలు బతికున్నాయా, సూక్ష్మజీవులు చేరాయా అన్న పరీక్షలు కూడా అయ్యాక ఎక్కించారు.

మర్నాడు నర్సు ఒక చిన్న సిరంజి తెచ్చింది. లోపల పసుప్పచ్చటి మందు. ఏంటండీ అని వదిన అడిగితే "మెథోట్రెక్సేట్" అంది. నాకు ఒళ్ళు జలదరించింది.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో 1895లో పుట్టి, స్ప్రూ జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరన్నదమ్ముల్ని పోగొట్టుకుని, 1923లో బోస్టన్ చేరినాయన. లెడర్లీ కంపెనీలో ఆయన నాయకత్వంలోని బృందం ముందు ఫోలిక్ యాసిడ్‌ని, తర్వాత దానిలా కనబడి దాన్ని అడ్డుకునే మందుల్ని తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ లుకేమియా వచ్చిన పిల్లలకిచ్చాడు. 1948లో ప్రచురించిన వివరాల ప్రకారం పదహారు మందిలో పదిమందికి కొన్నాళ్ళు తగ్గింది. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు.

ఆయన గురించి వాట్సాప్‌లో తిరిగే మెసేజీలంటే నాకు చిరాకు. అన్నీ ఆయనొక్కడే చేసేసినట్టు రాస్తారు. ఫార్బర్ లేకపోతే, లెడర్లీలో రసాయనాలు కలిపిన సీగర్ లాంటివాళ్ళు లేకపోతే లేదు. మార్పిడికీ ఈ మందుకీ ముడిపడింది కూడా ఆయన పోయాకే. 1958లో డెల్టా అఫాఫ్ అనే ఆవిడ ఎలుకల్లో చూపించింది, పరాయి మూలుగ ఎక్కించాక ఈ మందిస్తే ఆ కణాలు కొత్త ఒంటి మీద దాడి చెయ్యడం తగ్గుతుందని. థామస్ బృందం దాన్ని కుక్కల్లో, తర్వాత మనుషుల్లో వాడింది. ఆ థామస్ కుర్ర డాక్టరుగా బోస్టన్‌లో ఉన్నప్పుడు ఫార్బర్ మందుతో తేరుకున్న తొలి పిల్లల్లో ఒకరిని కళ్ళారా చూశాడు. ఈ లింకు మాత్రం ఏ మెసేజీలోనూ రాదు.

సియాటిల్ వాళ్ళు స్థిరపరిచిన లెక్క ప్రకారం ఒకటి, మూడు, ఆరు, పదకొండో రోజుల్లో చిన్న మోతాదు. నా కణాల్లో ఏవైతే అన్నయ్య ఒంటిని పరాయిదనుకుని పెరగడం మొదలెడతాయో, వాటిని అప్పుడే దెబ్బకొట్టాలి. దాంతో నోరంతా పుళ్ళు. మజ్జిగ కూడా మింగలేక అన్నయ్య సైగలతోనే మాట్లాడేవాడు. ఆరోరోజు సిరంజి చూసి తల పక్కకి తిప్పేసుకున్నాడు. నేను సుబ్బారావు గారి కథ ఎత్తుకుంటే నోరు మూసుకోమని చేత్తో సైగ చేశాడు.

పదిహేడో రోజున తెల్లకణాలు లెక్కలోకొచ్చాయి.

అమ్మకి ఇదంతా చెప్పాను. అంతా విని, "అయితే వాడి ఆఫీసు కార్డు మీద ఇంకా ఓ పాజిటివ్ అనే ఉందిగా, ముందు అది మార్పించు" అంది.