హెంజేరు నొళంబులు

క్రీస్తుశకం ఎనిమిదో శతాబ్ది నుంచి పదకొండో శతాబ్ది దాకా అనంతపురం పీఠభూమిలో పెద్ద భాగాన్నీ, దాన్ని ఆనుకుని ఉన్న కన్నడ సీమనూ ఏలిన వంశం నొళంబులది. శాసనాల్లో వీరిని నొళంబ పల్లవులని కూడా అంటారు. వీరి రాజధాని హెంజేరు. నేటి హేమావతి అదే. మడకశిర దాటి, అమరాపురం మండలంలో, కర్ణాటక సరిహద్దును తాకుతూ ఉన్న పల్లె ఇది. 2022లో జిల్లాలు విడిపోయేదాకా అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

వీరేలిన నేలను నొళంబవాడి అన్నారు. మొదట్లో అది చిత్రదుర్గం వైపున్న 'నొళంబళిగె వేయి' అనే చిన్న సీమ. రెండు శతాబ్దాలు తిరిగేసరికి 'నొళంబవాడి ముప్పై రెండు వేలు' అయింది. ఈ అంకె ఊళ్ల లెక్కా, రాబడి లెక్కా అన్న చర్చ పండితుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. ఏ లెక్కయినా పెరిగిన తీరు మాత్రం తెలుస్తుంది. చిత్రదుర్గం, తుమకూరు, కోలారు, అనంతపురం ప్రాంతాలు, దక్షిణాన తమిళనాట ధర్మపురి వీరి చేతిలోకి వచ్చాయి.

రాజవంశాలు, వాటి శాఖలు అనగానే మన చదువుల్లో రాజస్థాన్ ముందుకొస్తుంది. వాన లేని నేల మీద వంశం నిలవడమంటే ఏమిటో జైసల్మేర్ భాటీలు చూపించారు. 1156లో రావల్ జైసల్ కట్టిన కోట నుంచి 1949లో రాజస్థాన్‌లో కలిసేదాకా వాళ్ల పాలన సాగింది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన అనంతపురానిదే అని తరచూ చెప్పుకుంటారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే ఈ నేల మీద కూడా ఒక వంశం మూడు వందల ఏళ్లు నిలిచింది. భాటీలకు దక్కిన పేరులో నూరో వంతు కూడా నొళంబులకు తెలుగునాట దక్కలేదు. శాసనాలు ఎక్కువగా కన్నడంలో ఉండటం అందుకు ఒక కారణం. రాజధాని ఇటు, రాజ్యంలో పెద్ద భాగం అటు ఉండటం రెండో కారణం.

హేమావతిలో దొరికిన ఒక స్తంభ శాసనం ఈ వంశవృక్షాన్ని వరసగా చెప్తుంది. మూలపురుషుడు త్రినయన పల్లవుడు. తర్వాత కర్ణాటుల చేత పొగడ్తలందుకున్న మంగళ నొళంబాధిరాజు, ఆయన కొడుకు సింహపోత, ఆ తర్వాత చారుపొన్నేర, పొళల్చోర, మహేంద్ర, అయ్యప, అన్నిగ, దిలీప. త్రినయనుడి కథను చరిత్రగా తీసుకోనక్కర్లేదు. కంచి పల్లవులతో చుట్టరికం చెప్పుకోవడం ఆ కాలపు చిన్న రాజులకు గౌరవం. రాజపుత్రులు సూర్యుణ్నీ, చంద్రుణ్నీ, అగ్నికుండాన్నీ చెప్పుకున్నది కూడా ఇలాగే. మంగళుడి నుంచి మాత్రం పేర్లు నేల మీద నిలుస్తాయి.

మొదటి తరాలవారు సామంతులు. సింహపోత గంగ వంశపు రాజు రెండవ శివమారుడి కొలువులో ఉండి, రాజు తమ్ముడు దుగ్గమారుడు తిరగబడినప్పుడు అతడి మీదికి దండెత్తాడు. శివమారుణ్ని రాష్ట్రకూటులు చెరపట్టాక గంగల పట్టు సడలింది. చారుపొన్నేర రాష్ట్రకూట మూడవ గోవిందుణ్ని ఏలికగా ఒప్పుకున్నాడు. గంగలు మళ్లీ కుదురుకోగానే వియ్యం కుదిరింది: గంగ రాచమల్లుడి కూతురు జాయబ్బెను పొళల్చోర పెళ్లాడాడు. వాళ్ల కొడుకే మహేంద్రుడు. ఎవరి బలం పెరిగితే వాళ్లతో సంధి, వీలైతే పెళ్లి. నొళంబుల రాజనీతి అంతా ఇదే. నాలుగు వైపులా పెద్ద రాజ్యాలున్న చోట ఇంతకన్నా తెలివైన దారి లేదు.

మహేంద్రుడు ఆ హద్దు దాటాడు. తొమ్మిదో శతాబ్ది చివరి పాతికేళ్లలో తూర్పున ఉన్న బాణ రాజుల్ని అణచి, 'మహాబలికుల విధ్వంసనుడు' అని పేరు పెట్టుకున్నాడు. తమది మహాబలి వంశమని బాణులు చెప్పుకునేవారు. ఈ కాలపు పోరాటాల్లో సోరెమడి యుద్ధం పెద్దది. ఒక పక్క గంగ, నొళంబ సేనలు. ఎదుట వైదుంబ రాజు గండత్రినేత్రుడు. అక్కడ పడిపోయిన బంట్లకు నిలిపిన వీరగల్లులు మదనపల్లె, పుంగనూరు వైపు దొరికాయి. ఈ సీమ అంతటా వీరగల్లులు ఎక్కువే. పశువుల మందను శత్రువులు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చిపోయినవాళ్ల రాళ్లు వాటిలో చాలా ఉంటాయి. పంట నమ్మకం లేని చోట మందే ఆస్తి. రాజుల యుద్ధాల కన్నా ఈ మందల పోరాటాలే పల్లె జనానికి దగ్గరివి. వాళ్ల పేర్లు రాతి మీద మిగలడం ఈ పీఠభూమి చరిత్రకు దక్కిన గొప్ప సంపద.

మహేంద్రుడి అధికారం ధర్మపురి దాకా పాకిందనడానికి అక్కడి శాసనాలే ఆధారం. అప్పట్లో దాని పేరు తగడూరు. 893 నాటి శాసనం ప్రకారం నిధియన్న, చండియన్న అనే వర్తకులు అక్కడ జైన బసది కట్టించారు. శైవుడైన మహేంద్రుడు దానికి మూలపల్లి అనే ఊరిని ఇచ్చాడు. తర్వాత కొడుకు అయ్యప మరో ఊరు ఇచ్చాడు.

పెరిగినవాణ్ని మేనమామల ఇల్లే సహించలేదు. గంగ ఎఱెయప్ప మహేంద్రుణ్ని ఓడించి 'మహేంద్రాంతకుడు' అనిపించుకున్నాడు. కొన్నేళ్లకు అదే ఎఱెయప్ప, మహేంద్రుడి కొడుకు అయ్యపకు సాయంగా సేనను పంపాడు. ఈ సంగతి చెప్పే బేగూరు వీరగల్లు ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. తుంబెపాడి దగ్గర వీరమహేంద్రుడనే శత్రువుతో జరిగిన యుద్ధంలో ఎఱెయప్ప పంపిన నాగత్తరుడనే నాయకుడు పోరాడి చనిపోయాడు. రాతి మీద ఏనుగులు, గుర్రాలు, విలుకాండ్లు, కింద పడిన శవాలు కిక్కిరిసి ఉంటాయి. దక్షిణాది వీరగల్లుల్లో ఇంత నిండైన యుద్ధచిత్రం ఉన్నవి బహు కొద్ది.

అయ్యప చావు వేంగి చాళుక్యుల చేతిలో జరిగిందని చరిత్రకారుల అభిప్రాయం. రెండవ చాళుక్య భీముడు తాను చంపినవారి జాబితాలో అయ్యప పేరు చెప్పుకున్నాడు. కొడుకు అన్నిగకు కూడా కాలం కలిసిరాలేదు. అన్నిగ పల్లవుణ్ని దీనస్థితికి తెచ్చినట్టు రాష్ట్రకూట మూడవ కృష్ణుడి 940 నాటి దేవళి శాసనం చెప్తుంది. తర్వాత వచ్చిన దిలీపుడు కృష్ణుణ్ని ఏలికగా ఒప్పుకుని పాతికేళ్లు నెమ్మదిగా ఏలాడు.

గొప్ప కట్టడాలు ఈ తొమ్మిది, పది శతాబ్దాలవి. హేమావతి దొడ్డేశ్వరాలయంలో నల్లరాతి నంది నున్నగా మెరుస్తూ ఉంటుంది. గోడల్లో అమర్చిన జాలీ కిటికీలే నొళంబ శిల్పుల ముద్ర. గాలీ వెలుతురూ లోపలికి రావడానికి తొలిచిన రాతి పలకల మీద తీగలు చుట్టలు తిరుగుతాయి, వాటి మధ్య గంగ, యమున, బ్రహ్మ నిలబడి ఉంటారు. చాళుక్యుల పని కన్నా సన్నం, చోళుల పని కన్నా నిండు. పక్కనే సిద్ధేశ్వరాలయంలో శివుడు లింగరూపంలో కాక మానవాకారంలో కూర్చుని ఉంటాడు; శివరాత్రికి రెండు రాష్ట్రాల నుంచీ జనం వస్తారు. కంబదూరు మల్లికార్జునాలయం, తుమకూరు వైపు అరళగుప్పె కల్లేశ్వరాలయం కూడా ఈ సంప్రదాయంలోవే. అరళగుప్పెలో పైకప్పు మీది నటరాజును చూడకుండా నొళంబ శిల్పం గురించి మాట్లాడటం సగం మాటే. కోలారు సీమలోని ఆవనిలో రాణి దివబ్బరసి గుడి కట్టించి, తన పేర చెరువు కూడా తవ్వించింది. ఈ నేల మీద గుడితో పాటు చెరువు లేకపోతే ఆ దానం నిండదు. చెరువు మరమ్మతు చూసేవాడికి 'బిట్టువట్ట' అనే మాన్యం ఇవ్వడం ఆనాటి శాసనాల్లో తరచూ కనిపిస్తుంది.

దిలీపుడి తర్వాత పెద్ద దెబ్బ తగిలింది. రాష్ట్రకూటుల పక్షాన నిలిచిన గంగ రెండవ మారసింహుడు 970ల్లో నొళంబుల మీద పడి 'నొళంబకులాంతకుడు' అని బిరుదు పెట్టుకున్నాడు. శ్రవణబెళగొళలోని కూగె బ్రహ్మదేవ స్తంభం మీద ఈ ప్రతాపం చెక్కి ఉంది. ఆ బిరుదును నమ్మి నొళంబుల చరిత్రను అక్కడితో ఆపేసినవాళ్లున్నారు. అది తప్పు. మారసింహుడు 975లో బంకాపురంలో సల్లేఖనం అనే జైన నిరాహార వ్రతంతో ప్రాణం విడిచాడు. అతడి ఏలికలైన రాష్ట్రకూటుల్ని అంతకు రెండేళ్ల ముందే కల్యాణి చాళుక్య తైలపుడు కూలదోశాడు. ఆ దశాబ్దం ముగియకముందే మహేంద్రుడనే మరో నొళంబ రాజు కోలారు సీమలో శాసనాలు వేయిస్తున్నాడు. గంగల రాజధాని తలకాడు 1004 ప్రాంతంలో చోళులకు పోయింది. నొళంబులు ఆ తర్వాత కూడా ఉన్నారు. ఒకప్పుడు బాణుల్ని ధ్వంసం చేశానన్న మొదటి మహేంద్రుడి మాట కూడా ఇలాంటిదే. బాణులు తమిళ సీమలో చాలాకాలం కొనసాగారు.

అయితే అప్పటికి ఇల్లు ఒకటిగా లేదు. రాజపుత్ర వంశాల్లో శాఖలు చీలిన పద్ధతి వేరు. జోధ్‌పూర్ రాఠోడ్ల ఇంటి నుంచి బీకా బయల్దేరి ఎడారిలో 1488లో బికనీరు నగరాన్ని నిలిపినట్టు, వాళ్ల కొడుకులు కొత్త నేల వెతుక్కున్నారు. నొళంబులకు కొత్త నేల లేదు. రెండు పెద్ద రాజ్యాలు చెరో వైపు లాగినందువల్ల ఇల్లు రెండైంది.

తూర్పు, దక్షిణ భాగాలు చోళుల కిందికి పోయాయి. రాజరాజ చోళుడి ప్రశస్తిలో వేంగి, గంగపాడి పక్కన నుళంబపాడి కూడా గెలిచిన నాడుగా ఉంటుంది. అక్కడి నొళంబ ప్రభువులు చోళుల అధికారులుగా కుదురుకున్నారు. పడమటి శాఖ కల్యాణి చాళుక్యుల వైపు నిలిచింది. ఇఱివ నొళంబ ఘటెయంకకార చాళుక్య సత్యాశ్రయుడి అల్లుడు. ఆ తర్వాత జగదేకమల్ల నొళంబ, త్రైలోక్యమల్ల నన్ని నొళంబ అనే పేర్లు వస్తాయి. ముందున్న బిరుదులు చాళుక్య చక్రవర్తులవి. ఈ శాఖ కేంద్రం హెంజేరు నుంచి తుంగభద్ర ఒడ్డున ఉన్న కంపిలికి జరిగింది. పీఠభూమి నడిమి నుంచి నదీతీరానికి వెళ్లడంతో హెంజేరు వైభవం ముగిసింది. చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడి తమ్ముడు జయసింహుడు నొళంబవాడిని ఏలుతూ 'వీర నొళంబ పల్లవ పెర్మానడి' అని తన పేరుకు తగిలించుకున్నాడు. చక్రవర్తి తమ్ముడు కోరి పెట్టుకున్న పేరంటే ఆ పేరుకు అప్పటికీ విలువ ఉందన్నమాట.

పన్నెండో శతాబ్దిలో నొళంబవాడి ఉచ్చంగి పాండ్యుల చేతికి, తర్వాత హొయసల విష్ణువర్ధనుడి దండయాత్రల కిందికి వచ్చింది. 'నొళంబవాడిగొండ' అని అతడి బిరుదుల్లో ఒకటి. వంశం పోయినా నాడు పేరు పోలేదు. కర్ణాటకలో నొణబ అనే రైతు సమాజం పేరు నొళంబ నుంచే వచ్చిందని ఆ సీమలో నమ్మకం.

హెంజేరు రాళ్లు కూడా ఊరు దాటాయి. గెలిచిన చోళులు నల్లరాతి స్తంభాల్ని మోయించుకుని పోయి కావేరి ఒడ్డున తిరువయ్యారులోని దక్షిణ కైలాసం ఆలయంలో నిలబెట్టారు. నలభైకి పైగా నొళంబ స్తంభాలు అక్కడి మంటపాన్ని నేటికీ మోస్తున్నాయి. బ్రిటిష్ పాలనలో మరికొన్ని శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. ఆ మ్యూజియంలోని నొళంబ శిల్పాల మీద సి. శివరామమూర్తి రాసిన పుస్తకం 1964లో వచ్చింది. ఆ తర్వాత దేశవిదేశాల కళాచరిత్రకారులు హేమావతికి వచ్చారు. తెలుగు పాఠ్యపుస్తకం మాత్రం ఇంకా అక్కడికి చేరలేదు. లేపాక్షికి వెళ్లే బడిపిల్లల బస్సుల్ని మడకశిర మీదుగా హేమావతి దాకా నడిపించడం ఆ జిల్లా ఉపాధ్యాయులు ఈ ఏడాదే చేయగల పని.