కేసు షీటులో నాలుగు ప్రశ్నలు

సమర్తాడింది ఎన్నో ఏట? మొదటి కాన్పు ఎప్పుడు? పిల్లలెంతమంది? ఎన్నాళ్ళు పాలిచ్చావు? కృష్ణా జిల్లాలో ఒక ఆసుపత్రి సర్జరీ ఓపీలో నర్సుగా ఉన్నన్నాళ్ళూ, రొమ్ములో గడ్డతో వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఇవే అడిగాను. ఏళ్ళు చెప్పలేనివాళ్ళు "దివిసీమ ఉప్పెన నాటికి పెద్దోడు చంకలో పిల్లాడమ్మా" అనేవాళ్ళు. 1977 నుంచి వెనక్కి లెక్క కట్టి రాసుకునేదాన్ని.

ఒకరోజు ఒక పంతులమ్మగారు "పెళ్ళి చేసుకోలేదు సిస్టర్" అని, కాసేపాగి, "అందుకే వచ్చిందంటారా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రశ్నలు ముందుగా ఎవరు అడిగారో రిటైరయ్యాక వెతికి చదివాను.

మొదట కనిపించింది సన్యాసినులే. ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జినీ వృత్తుల వల్ల వచ్చే రోగాల మీద రాసిన గ్రంథం 1700లో వెలువడింది. కన్యామఠాల్లో రొమ్ము క్యాన్సరు ఎక్కువగా ఉందని ఆయన గమనించాడు. 1842లో రిగోనీ స్టెర్న్ అనే వైద్యుడు వెరోనా నగరంలో 1760 నుంచి 1839 దాకా ఉన్న మరణాల పద్దులు తిరగేసి అదే మాట లెక్కలతో చూపించాడు. సన్యాసినుల్లో రొమ్ము క్యాన్సరు ఎక్కువ, గర్భాశయ క్యాన్సరు తక్కువ. కారణం మాత్రం వాళ్ళకి అందలేదు. రొమ్ము క్యాన్సరుని పెంచే ఈస్ట్రోజెన్ అనే హార్మోను మాటే అప్పటికి లేదు.

నా మనసు నిలిచిపోయింది జానెట్ లేన్ క్లేపన్ దగ్గర. ఇంగ్లండు డాక్టరు ఆవిడ. 1926లో అచ్చయిన తన నివేదిక కోసం రొమ్ము క్యాన్సరు వచ్చిన 500 మందిని, రాని 500 మందిని తీసుకుని, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగించింది. పెళ్ళి ఎప్పుడు, పిల్లలెందరు, పాలిచ్చారా? జబ్బు వచ్చినవాళ్ళలో పిల్లలు తక్కువ, పెళ్ళిళ్ళు ఆలస్యం. నేను ఓపీలో రాసిన గళ్ళన్నీ ఆవిడ గీసినవే అనిపించింది. 1929లో పెళ్ళయ్యాక ఆవిడ పరిశోధన ఆగిపోయింది. అది చదివి చాలా బాధపడ్డాను.

1970లో బ్రయాన్ మెక్‌మహన్ బృందం ఏథెన్స్, టోక్యో, బోస్టన్ వంటి ఏడు చోట్ల లెక్కలు కలిపి, కాన్పుల సంఖ్య కన్నా తొలి కాన్పు వయసు ముఖ్యమని చెప్పింది. పద్దెనిమిది లోపు తొలి కాన్పు అయినవాళ్ళకి ముప్పు, ముప్పై అయిదు దాటాక అయినవాళ్ళకున్న ముప్పులో మూడో వంతే. (దీన్ని పట్టుకుని పిల్లకి చిన్నప్పుడే పెళ్ళి చేస్తామనేవాళ్ళుంటారు. ఆ వయసు కాన్పుల్లో తల్లులు పడ్డ పాట్లు నేను కళ్ళారా చూశాను, ఆ మాట నా ముందు అనొద్దు.) 2002లో 30 దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఒక్కో కాన్పుకి ముప్పు 7 శాతం, పాలిచ్చిన ఒక్కో ఏడాదికి మరో 4.3 శాతం తగ్గుతుందని తేలింది.

తగ్గుతుందనే గానీ రాదని కాదు. అయిదుగురికీ పాలిచ్చిన తల్లులకి కూడా నేను కట్లు కట్టాను. పంతులమ్మగారికి ఆరోజు చెప్పాల్సింది ఇదే: ఈ లెక్క వేలమందిని కలిపి చూసినప్పటిది, మీ ఒక్కరికి ఎందుకొచ్చిందో ఇది చెప్పదు, ఇందులో మీ తప్పేమీ లేదు.

షీటులో బరువు అనే గడి కూడా ఉండేది. మిషన్ పాడై నెలలు గడిచేవి, గడి ఖాళీగానే పోయేది. దానికీ విలువ ఉందని తర్వాత తెలిసింది. ముట్లు ఆగిపోయాక అండాశయాలు పని మానేస్తాయి, అప్పుడు ఈస్ట్రోజెన్ తయారయ్యేది ఎక్కువగా కొవ్వులోనే. అందుకే ఆ వయసులో పెరిగిన బరువు ముప్పు పెంచుతుంది. ముట్లు ఆగకముందు లెక్క వేరు, లావుగా ఉన్నవాళ్ళకి ముప్పు కాస్త తక్కువగానే కనబడింది.

లేన్ క్లేపన్ నివేదిక గురించి చదివాక మా ఓపీ బెంచీలు గుర్తొచ్చాయి. మా కట్టల్లో ఉన్నవన్నీ జబ్బు వచ్చినవాళ్ళ షీట్లే. వాళ్ళ పక్కన అన్నం క్యారేజీలు ఒళ్ళో పెట్టుకుని అక్కలు, తోడికోడళ్ళు, వదినలు గంటల తరబడి కూర్చునేవాళ్ళు. అదే ఊరు, అదే తిండి. వాళ్ళలో ఒక్కరినైనా, మీ మొదటి కాన్పు ఎన్నో ఏట అని నేను అడగలేదు.