మూలన సంతకం

1967, మద్రాసు. బాపు తొలి సినిమా ‘సాక్షి’ విడుదలకు సిద్ధమవుతోంది. పత్రికలో కథకు వేసిన బొమ్మ కావచ్చు, నవల అట్ట కావచ్చు, ఆయన గీతను తెలుగువాళ్లు చూసీ చూడగానే పోల్చుకునే రోజులవి. అంతటి చిత్రకారుడు తన సినిమా పబ్లిసిటీని అప్పటికింకా పేరు రాని మరో చిత్రకారుడి చేతిలో పెట్టారు. పాలకొల్లు నుంచి వచ్చిన ఆ మనిషి ఈశ్వర్.

పులిదిండిలో తీసిన నలుపు తెలుపు సినిమా అది. కృష్ణ, విజయనిర్మల జంటగా నటించిన మొదటి చిత్రం. దానికి రంగులు పుట్టాల్సింది గోడల మీదే.

ఆనాటి పని తీరు తెలిస్తే ఈశ్వర్ పనిచేసిన బల్ల మన కళ్లకు కడుతుంది. ముందు స్టిల్స్ పరుచుకోవాలి. ఎవరి ముఖం పెద్దదిగా ఉండాలో తేల్చుకుని, కత్తిరించి, అట్టకు అంటించాలి. నలుపు తెలుపు చెంప మీద ఎరుపు అద్దాలి, కనుబొమ్మ కింద నీలం నీడ దించాలి. రిక్షాలో పోయేవాడు కూడా ఒక్క చూపులో చదివేసేలా టైటిల్ రాయాలి. ఆపైన ప్రెస్సు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. అది వెంట్రుకవాసి జరిగితే చాలు, హీరోయిన్ పెదవుల ఎరుపు గడ్డం మీదికి దిగుతుంది.

జపాన్‌లో కబుకి నాటకాల నటుల బొమ్మలూ ఇలాగే రంగుకో చెర్రీ చెక్కతో అచ్చయ్యేవి. 1794లో ఎడో నగరంలో షరాకు అనే చిత్రకారుడు గీసి ఇస్తే, ఒకరు చెక్క మీద చెక్కారు, మరొకరు అద్దారు, త్సుతాయా జూజాబురో ప్రచురించాడు. మెరిసే అభ్రకం పొడి నేపథ్యంగా 28 ముఖాలు ఒక్కసారి బయటికొచ్చాయి. వాటిలో ఎడోబెయి పాత్ర వేసిన ఒటాని ఒనిజి బొమ్మ చూడండి: బిగిసిన పెదాలు, ముక్కు వైపు తిరిగిన కనుగుడ్లు, ఛాతీ ముందు విచ్చుకున్న వేళ్లు. స్త్రీ వేషం కట్టిన మగ నటుల వయసును కూడా షరాకు దాచలేదు. మరీ ఉన్నదున్నట్టు వేశాడు కాబట్టే నిలవలేకపోయాడని ఆ కాలపు రచయిత ఓటా నాన్పో రాశాడు. పది నెలల్లో దాదాపు 140 బొమ్మలు వేసి కనుమరుగైన ఆ మనిషి ఎవరన్నది ఈనాటికీ వాదనే.

ఈశ్వర్ నిలిచారు. నాలుగు దశాబ్దాల పాటు, రెండు వేలకు పైగా సినిమాలకు పనిచేశారు. హీరో అందం చెక్కుచెదరకూడదు, కథలోని కోపమో కన్నీరో కూడా ఆ ముఖంలోనే పలకాలి. షరాకుకు లేని ఈ బరువును ఆయన ఇన్నేళ్లు మోశారు. నా దృష్టిలో అది చిన్న విద్య కాదు. పోస్టర్ మూలన ఆయన సంతకాన్ని మనలో ఎంతమందిమి చదివాం?

పరిశ్రమ హైదరాబాద్ తరలింది, ఫిలింనగర్ వెలిసింది. కుంచె పోయి కంప్యూటర్ వచ్చింది. ఈశ్వర్ తన విద్యను ‘సినిమా పోస్టర్’ అనే పుస్తకంగా రాస్తే దానికి నంది వచ్చింది. 2017 నవంబరులో మూడేళ్ల నందులు ఒకేసారి ప్రకటించారు. రఘుపతి వెంకయ్య పురస్కారం 2014కి కృష్ణంరాజుకు, 2016కి చిరంజీవికి. నడుమ 2015కి ఈశ్వర్. ఇద్దరు కథానాయకుల మధ్య ఒక పోస్టర్ చిత్రకారుడి పేరు!

2021 సెప్టెంబరు 21న చెన్నైలో ఆయన కన్నుమూశారు. మన ఫిల్మ్ ఛాంబర్ ఉన్న ఫిలింనగర్‌లోనే ఒక గది కేటాయించి, ఆయన పోస్టర్లను తేదీలతో, అచ్చు వివరాలతో వరుసగా వేలాడదీయాలి. ‘సాక్షి’తో మొదలుపెడితే బాగుంటుంది.